జానెడు అబద్ధం

ఆషాఢ శుద్ధ విదియ, మొదటి రోజు

జలసంఘం వాళ్లు నలభై రోజులపాటు, తోచినప్పుడల్లా నాలుగు ముక్కలు ఈ పుస్తకంలో రాయమన్నారు. అయ్యాక కొత్త వ్యవస్థ తేటకి చదివిస్తారట, నా మాటతీరు అలవాటు కావడానికి. సరే, కానీ.

పేరు కొల్లాటి మంగతాయారు. వయసు అరవై ఒకటి. సముద్రానికీ మాకూ మధ్య పెద్దకట్ట ఉంది. కట్టకి పదకొండు తూములున్నాయి. ఏడోది మా మొగలిలంక తూము. ఇరవై ఏడేళ్లుగా దానికి లస్కరుని నేను. పోటు వస్తుంటే తలుపు దించి ఉప్పునీటిని బయట ఆపాలి. ఆటు తీస్తుంటే తలుపు ఎత్తి లంకలోని వాననీటిని బయటికి వదలాలి. సముద్రానికి ఆదివారం లేదు కాబట్టి నాకూ లేదు.

ఇన్నాళ్లూ తూము కంప్యూటర్‌ని నడిపిన వ్యవస్థ పేరు గట్టు. నీరు గుర్తు దాకా రాగానే తలుపు తనే దించేది. నాకు అనుమానమొస్తే ఎర్ర బొత్తం నొక్కేదాన్ని, అప్పుడూ దించేది. ఎదురు ప్రశ్న లేదు. నా వేళ్లకి దాని బొత్తాలు కళ్లు మూసుకున్నా తెలుసు. అలాంటిదాన్ని తయారుచేసినవాళ్లూ, బాగుచేసేవాళ్లూ ఎవరూ మిగల్లేదట. అందుకని పదకొండు తూములకీ తేట అనే కొత్త వ్యవస్థ ఎక్కిస్తున్నారు.

జలసంఘం తరఫున నేర్పడానికి రహీమున్నీసా గారు పడవలో వచ్చారు. యాభై ఆరేళ్ల మనిషి. ఒకప్పుడు రెండో తూములో లస్కరుగా చేశారట.

"ఎనిమిది రోజులు తేట పక్కన కూచుని చూస్తాదండి. తొమ్మిదో రోజు నుంచి తలుపు దాని చేతికిస్తాం. నలభయ్యో రోజున గట్టుని మీ చేత్తోనే ఆపెయ్యాలి" అన్నారావిడ.

"నాకు అబ్బకపోతేనో?"

"అప్పుడు ఈ తూము సంఘం ఆఫీసు నుంచే నడుస్తాదండి. మీరు విశ్రాంతి తీసుకోవచ్చు."

విశ్రాంతి అన్న మాట ఆవిడ ఎంత మెత్తగా అన్నా నా ఒళ్లు మండింది. ఇంట్లో కూచుని నేనేం చెయ్యను? ఈ తలుపు తప్ప నాకు తెలిసింది ఇంకేమీ లేదు.

శుద్ధ పంచమి

పొద్దున్నే పనులు: కరెంటు తీసే ఎండ పలకల మీద కొంగల రెట్ట కడిగాను. తలుపు పళ్లకి గ్రీజు పెట్టాను. కాలవలో చెయ్యి ముంచి నీళ్లు నాలుక మీద వేసుకున్నాను. ఇది లస్కర్లందరికీ ఉన్న అలవాటు. ఏ మీటరూ పట్టలేని ఉప్పుని నాలుక పట్టేస్తుంది. తియ్యగా ఉన్నాయి.

తర్వాత తేట ముందు కూచున్నాను. దీనికి బొత్తాల్లేవు, పలక ఒకటే. నోటితో చెప్పినా వింటుంది, వేలితో రాసినా చదువుతుంది. వినడం వరకూ బాగానే ఉంది. ఏం చెప్పినా వెంటనే ఒక చిన్న గడి తెరుచుకుంటుంది. అందులో ఒకటే మాట: "ఎందుకు?"

దీపం తగ్గించమన్నాను. ఎందుకు? అక్షరాలు పెద్దవి చెయ్యమన్నాను. ఎందుకు? కళ్లు కనపడక! ఆ మాట నా చేత చెప్పించుకుంటే గానీ దానికి తోచలేదు. ఇంకోసారి అడిగితే "ఊరికే" అని రాశాను. గడి మూసుకుంది. అబ్బ, దారి దొరికింది. ఇవాళ పద్నాలుగు సార్లు ఊరికే రాశాను.

రహీమున్నీసా గారు చూసి నవ్వారు. "ఊరికే అంటే చిన్నవాటికి ఒప్పుకుంటాదండి. తలుపు దించే గుర్తు మార్చాలంటే మాత్రం ఒప్పుకోదు. అసలు కారణం రాయాలి. ఆ కారణం అదే నిమిషాన పదకొండు తూముల్లోనూ కనపడతాది."

"నా తూములో నేనేం చేస్తే పక్క తూముకి దేనికండీ?"

"లోపల కాలవ అందరిదీ ఒకటే గదండీ."

గ్రీజు డబ్బా తీసుకుని బయటికొచ్చేశాను.

శుద్ధ దశమి

పరువు పోయింది.

ఇవాళ్టి నుంచి తలుపు తేట చేతిలో ఉంది. ఇవాళ పోటు వస్తుంటే పక్కనే నిలబడి చూస్తున్నాను. గుర్తు నూట ముప్పై సెంటీమీటర్లు. నీరు నూట ముప్పైకి వస్తే తలుపు దిగాలి, సంఘం నియమం అది. నీరు దగ్గర పడుతోంది గానీ తేటలో ఏ చలనమూ లేదు. ఆగలేకపోయాను. గట్టులో తలుపు దించే బొత్తం కుడివైపు పైమూలన ఉండేది. నా చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది. తేట పలకలో కుడివైపు పైమూలన తాకితే మోగేది సైరన్.

కట్ట తెగితే మోగించే సైరన్ అది. అయిదు నిమిషాల్లో మొగలిలంక మొత్తం కట్టెక్కింది. మేకలు, బిందెలు, ఒకాయన మంచం కోళ్లతో సహా. మా పెద్దన్నయ్య భార్య బుల్లెమ్మ వదిన నెత్తిన విత్తనాల మూటతో పరుగెత్తుకొచ్చింది.

"ఎక్కడ తెగిందే? ఏ పక్క?"

"తెగలేదు వదినా. చెయ్యి జారింది."

మూట దించి రొప్పుతూ చుట్టూ చూసింది. "అయిబాబోయ్! మీ అన్నని నిద్దర లేపడం మర్సిపోయేను."

అందరూ నవ్వారు, నేను తప్ప. వదిన మొగుణ్ణి మరిచినా మూటని మరవలేదంటే అందులో తప్పేమీ లేదు. లంక మొత్తానికి కావలసిన నారు ఈసారి ఆమె మడుల్లోనే పోశారు, తూముకి దగ్గరగా, పల్లంలో. మూటలో మిగిలిన నాలుగు గింజలు తప్ప ఆ విత్తనం ఇంకెక్కడా లేదు. నారు పోతే ఈ ఏడు నాట్లుండవు. నాట్లు పడని లంకని సంఘం ఖాళీ చేయిస్తుంది. మా పక్కనున్న చింతలంకని అలాగే ఖాళీ చేయించారు. ఇప్పుడక్కడ నీళ్లలో కొబ్బరి చెట్ల తలలు మాత్రం కనపడతాయి.

ఇక దాన్ని ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను. ఏం చేస్తుందో చూస్తాను.

బహుళ పాడ్యమి

నిన్న పౌర్ణమి పోటు. నేను చేతులు కట్టుకుని కూచున్నాను.

పోటు పెరుగుతున్న కొద్దీ నాకు తెలుస్తూనే ఉంది, తలుపు దిగాల్సిన సమయం దాటిపోతోందని. ఇన్నేళ్లు చూసిన నీరు, ఏ వేళకి ఏ మెట్టు మునగాలో నాకు తెలియదా? మూడో మెట్టు మునిగేసరికి గట్టు తలుపు దించేసేది. నాలుగో మెట్టు కూడా మునిగింది. తేట దించలేదు. "ఇప్పుడు దాని తప్పు లోకానికి తెలుస్తుంది" అనుకుని కూచున్నాను. లోలోపల నవ్వుకున్నాను కూడా. నలభై నిమిషాలు ఆలస్యంగా దించింది.

ఇవాళ పొద్దున కాలవ నీళ్లు నాలుక మీద వేసుకుంటే ఉప్పు తగిలింది.

మధ్యాహ్నానికి వదిన నారుమడి అంచున రెండు వరసల నారు కొసలు ఎర్రబడ్డాయి. ఆవిడ మడి గట్టు మీద గొంతుక్కూచుని, ఒక్కో మొక్క కొసనీ వేళ్లతో తడిమి చూస్తోంది. తలుపు ముందే దించమని తేటకి నేను చెప్పొచ్చు. చెప్పలేదు. దాన్ని ఓడించాలని చెప్పలేదు.

బహుళ తదియ

అర్జీ రాశాను. "మా తూముకి గట్టునే ఉంచండి. తేట గుడ్డిది." లంకలో ఇల్లిల్లూ తిరిగితే రెండు వందల పన్నెండు సంతకాలు పడ్డాయి. ఒక్కరూ కాదనలేదు. మంగతాయారు చెప్పిందంటే నీటి విషయంలో తిరుగుండదని వాళ్ల నమ్మకం.

ఎనిమిదో తూము లస్కరు దానయ్య దగ్గరికీ వెళ్లాను. నాకంటే మూడేళ్లు చిన్న. అక్కా అని పిలుస్తాడు. పౌర్ణమికి వాళ్ల తూములోనూ ఉప్పు దిగిందట. పాడ్యమి నుంచి నా తలుపు నేనే చెప్పి ముందుగా దింపిస్తున్నా కాలవలో ఉప్పు పూర్తిగా పోలేదు. ఎటు నుంచి వస్తోందో ఇప్పుడర్థమైంది.

"నీ తూములోనూ తేట ఆలస్యంగానే దించుతోందా?" అని అడిగాను.

"ఆయ్. కొద్దిగా" అన్నాడు.

"ఎందుకలా చేస్తోందంటావు?"

దానయ్య అర్జీ మీద గబగబా సంతకం గీకేసి, "టీ పెడతానుండక్కా" అని లోపలికెళ్లిపోయాడు. టీ తెచ్చేసరికి మాట మార్చేశాడు.

బహుళ షష్ఠి

అర్జీ రహీమున్నీసా గారి చేతిలో పెట్టాను. మొత్తం చదివారు.

"తేట గుడ్డిదని రాశారు. చూపించగలరాండీ?"

"ఎందుకు చూపించలేను?"

"అయితే చూపించండి. నిజంగా గుడ్డిదైతే అర్జీ నేనే పై వాళ్లకి తీసుకెళ్తాను. అమావాస్యకి ముందే చూపించాలి మరి. ఆ రోజు పోటు పౌర్ణమి కంటే పెద్దది."

"చూపిస్తాను" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

బహుళ అష్టమి

ఇవాళ జరిగింది రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

తూము స్తంభానికి నీటి ఎత్తు అంకెలు చెక్కిన కొలరాయి ఒకటి ఉంది. కట్ట కట్టినప్పుడు పాతింది. మీటర్లు వచ్చాక దాన్ని చూసినవాళ్లు లేరు. నాచూ గుల్లలూ పట్టి అంకెలే కనపడవు. రాయి అబద్ధమాడదు కదా, దాని లెక్కతో తేటని పట్టిస్తానని చాకూ, కొబ్బరిపీచూ తీసుకుని దిగాను. మోకాళ్లు మొరాయించాయి. గంటన్నర గీకితే అంకెలు బయటపడ్డాయి.

నీరు రాయి మీద తొంభై రెండు దగ్గరుంది.

పైకెక్కి తేట పలక చూశాను. తొంభై రెండు.

పక్కనే గట్టు ఇంకా నడుస్తోంది, దాని పాత మీటరుతో. అందులో నూట పద్నాలుగు.

మళ్లీ దిగాను, మళ్లీ ఎక్కాను. గంట తర్వాత మరోసారి చూశాను. రాయీ తేటా ఒకటే చెబుతున్నాయి. గట్టు రెండింటికంటే ఇరవై రెండు ఎక్కువ చెబుతోంది. ఇరవై రెండు సెంటీమీటర్లంటే ఎంతా అని అలవాటుగా చెయ్యి చాపి చూసుకున్నాను. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా. సరిగ్గా నా జానెడు.

అప్పుడు గుర్తొచ్చింది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. తలుపు దించే గుర్తు నూట ముప్పై అని సంఘం ఒకటో తూము దగ్గర నేల కొలిచి అందరికీ ఒకటే పెట్టింది. మా లంక నేల దానికంటే పల్లం. నూట ముప్పై దాకా ఆగితే ఉప్పు మడుల్లోకి వచ్చేస్తుంది. మూడు ఉత్తరాలు రాశాను. నియమం అందరికీ ఒకటే అని మూడుసార్లూ జవాబొచ్చింది. గట్టుకి చెబుదామంటే, వేరే గుర్తు పెట్టే చోటు గానీ, కారణం రాసే చోటు గానీ దాంట్లో లేవు. ఒక రోజు నీటి మీటరు మూత విప్పి, మర తిప్పి, చదివే అంకెని నా జానెడు మేర పెంచేశాను. ఆ రోజు నుంచి నీరు నూట ఎనిమిదికి రాగానే గట్టు నూట ముప్పై అనుకుని తలుపు దించేసేది. నారు బతికింది. మీటరు మీద చెయ్యి వేస్తే ఉద్యోగం పోతుందని నియమం కాబట్టి ఎవరికీ చెప్పలేదు. తర్వాత తర్వాత, మంచం కింద పెట్టెని మరిచిపోయినట్టు మరిచిపోయాను.

తేట చేసిన తప్పు ఒక్కటే. ఇరవై ఏడేళ్లు నేను రాసిన లెక్కల పుస్తకం నమ్మింది. అందులో ప్రతి పోటుకీ తలుపు నూట ముప్పైకే దిగిందని ఉంది. సరే అని అదీ నూట ముప్పైకే దించుతోంది. నిజమైన నూట ముప్పైకి.

గుడ్డిదన్నాను దాన్ని. రెండు వందల పన్నెండు మంది చేత అనిపించాను.

బహుళ దశమి

రెండు రోజులుగా ఎవరికీ చెప్పలేదు. ముఖం చెల్లలేదు.

నా తలుపు నేనే చెప్పి ముందుగా దింపించుకుంటూ పోతే ఎవరికీ తెలియదు. తేట గుర్తు మార్చకుండా, కారణం రాయకుండా, ఇంకో నాలుగేళ్లు నెట్టుకురావొచ్చు. అనుకోవడానికి బాగానే ఉంది. కానీ మిగతా తూముల నుంచి ఉప్పు ఎందుకు వస్తోంది? మా దానయ్య టీ నెపంతో లోపలికెందుకు పారిపోయాడు? నాకు అనుమానం మొదలైంది. వాడూ నాలాంటివాడే అయితే, అందరమూ నాలాంటివాళ్లమే అయితే?

తేట ఇవాళ తనంతట తనే ఒక మాట చూపించింది. "మీరు ఇప్పటివరకు నూట ఆరు సార్లు 'ఊరికే' అని రాశారు. తలుపును ముందుగా దించిన పంతొమ్మిది సార్లు కూడా అదే రాశారు. ఆ పంతొమ్మిదింటికి వేరే కారణం ఏమైనా ఉందా?"

పలక మీద గుడ్డ కప్పేసి ఇంటికొచ్చాను.

బహుళ ద్వాదశి

పొద్దున్నే నారుమడికి వెళ్లాను. వదిన బిందెతో తీపినీళ్లు మోసి మడి అంచు కడుగుతోంది. ఒంటిగా. వానతొట్లో దాచుకున్న తాగే నీళ్లవి.

నిలబడే చెప్పేశాను. మీటరూ, మర, జానెడు, పౌర్ణమి నాడు చేతులు కట్టుకుని కూచున్న సంగతి కూడా. చివరిదాన్ని చెప్పకుండా వదిలెయ్యొచ్చు. వదిలెయ్యలేకపోయాను.

వదిన బిందె కింద పెట్టింది.

"నా నారు కాల్చింది మర కాదన్నమాట. నువ్వు."

"నేనే."

"దాని మీద పంతానికి."

"అవును వదినా."

వదిన మడి వైపు తిరిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది. అరవై ఒక్కేళ్ల మనిషిని, పొలం గట్టు మీద నిలబడి ముక్కు చీదుకున్నాను.

"ఏడుపు తర్వాత. ముందు బిందె పట్టు" అంది వదిన.

ఎండెక్కేదాకా ఇద్దరం మోశాం. నడుం పట్టేసింది. ఆఖరి బిందె కుమ్మరించాక వదిన చీర కొంగుతో మొహం తుడుచుకుని నావైపు తిరిగింది.

"ఆ రోజుల్లో నువ్వా మర తిప్పకపోతే ఈ లంక ఎప్పుడో పోయేది. అదీ నాకు తెలుసు. కానీ ఇప్పుడు నాకొక్కదానికి చెప్తే ఏం లాభం? నీ తలుపొకటి ఏసుకుంటే నా మడికి ఉప్పు రాకుండా ఉంటాదా? కాలవ ఎనిమిదో తూము నుంచీ వత్తాది, అయిదో తూము నుంచీ వత్తాది. అదేదో గడి ఉందన్నావు, అందరికీ కనపడేది. దాంట్లో రాయి."

"రాస్తే నా ఉద్యోగం పోతుంది వదినా."

"పోతే మా ఇంటికొచ్చి కూచో. నారు పోతే ఎక్కడ కూచుంటాం?"

బహుళ త్రయోదశి

పొద్దున్న ఏడింటికి తేట ముందు కూచున్నాను. "తలుపు దించే గుర్తు నూట ముప్పై నుంచి నూట ఎనిమిదికి మార్చు" అన్నాను.

గడి తెరుచుకుంది. ఎందుకు?

వేలికున్న గ్రీజు చీరకి తుడుచుకున్నాను. తర్వాత రాశాను.

"ఏడో తూము లస్కరు కొల్లాటి మంగతాయారు రాస్తున్నది. మా లంక నేల ఒకటో తూము నేల కంటే జానెడు పల్లం. ఆ సంగతి చెప్పుకునే చోటు లేక ఇరవై ఏడేళ్ల కిందట పాత మీటరుని నా చేత్తో జానెడు పెంచాను. ఎవరికీ చెప్పలేదు. తేట చదివిన పాత లెక్కలన్నీ జానెడు తప్పు. తప్పు నాది, తేటది కాదు. మిగతా తూముల్లో ఎవరైనా ఇలాంటిది చేసి ఉంటే అమావాస్యలోపు రాయండి. కాలవ మనందరిదీ ఒకటే."

పంపాను. తలుపు గుర్తు మారింది. తేట "తెలిసింది. పాత లెక్కలన్నింటినీ సరిచేస్తున్నాను" అని మాత్రం అంది. కోపం లేదు, వెక్కిరింత లేదు. నాకదే తల కొట్టేసినట్టయింది.

తొమ్మిదింటి దాకా ఏ తూము నుంచీ ఉలుకూ పలుకూ లేదు. నేను తలుపు పళ్లకి పెట్టిన గ్రీజు మీదే మళ్లీ గ్రీజు పెట్టాను.

తొమ్మిదిన్నరకి దానయ్య ఫోను. "అక్కా. నాది బెత్తెడు."

"నీ బెత్తెడు సంగతి నాకెందుకురా, గడిలో రాయి!"

"రాసేసేనక్కా. నీకు చెప్పాలనిపించి చేసేను. పదహారేళ్లయింది. మా ఆవిడకి కూడా తెలీదు." ఫోనులో వాడికి నవ్వొచ్చింది. "ఎంత తేలిగ్గా ఉందో తెలుసా!"

ఆ తర్వాత తేట పలక మీద ఒక్కొక్కటే రాసాగాయి. పదకొండో తూము: రెండు బెత్తెలు. నాలుగో తూము: నాలుగు వేళ్లు. తొమ్మిదో తూము: జానా బెత్తెడు, మా నాన్న పెట్టినది, నేను తీయలేదు. సాయంత్రానికి ఎనిమిది తూములు వచ్చాయి, నాతో కలిపి తొమ్మిది. ఒకటో తూముకి అవసరమే లేదు, కొలిచిందే దాని నేల. ప్రతి ఒక్కరమూ మనమొక్కరమే దొంగలమనుకుని ఇన్నేళ్లు ఒంటరిగా భయపడ్డాం.

రెండో తూము ఒక్కటే రాలేదు. ఇప్పుడున్న లస్కరుకి ఫోను చేశాను. అయిదేళ్ల కిందట చేరాడట. "నేను మీటరు మూత ఎప్పుడూ విప్పలేదండీ, ఒట్టు" అన్నాడు. అబద్ధం చెప్పే గొంతు కాదది. కానీ పౌర్ణమికి ఆ తూములోనూ ఉప్పు దిగింది.

అమావాస్య

తెల్లవారేసరికి వదిన కట్ట మీదికి వచ్చేసింది. ఆవిడ వెనక సగం లంక. సైరన్ మోగకుండా వచ్చారు ఈసారి.

ఆరున్నరకి నీరు డెబ్బై. ఏడింటికి ఎనభై తొమ్మిది. పోటు తొందరగా పెరుగుతోంది, గాలి కూడా సముద్రం వైపు నుంచే ఉంది. పలక మీద రెండో తూము గుర్తు ఇంకా నూట ముప్పై అనే ఉంది. ఆ ఒక్క తలుపు ఆలస్యమైనా ఇవాళ్టి పోటుకి కాలవ మొత్తం ఉప్పెక్కుతుంది. మిగతా వాటిని ఎంత గట్టిగా బిగించినా లాభం లేదు.

"ఆ రెండోదాన్ని కూడా నువ్వే మార్చలేవా?" అంది వదిన.

"ఎంత పల్లమో తెలియకుండా ఎలా మారుస్తాను? ఎక్కువ తగ్గిస్తే వాళ్ల వాననీరు బయటికి పోదు."

ఏడూ అయిదుకి పలక మీద కొత్త వరస వచ్చింది. చదివి నేను నోరు తెరిచాను. పక్కనున్న వదినకి పైకి చదివి వినిపించాను.

"రెండో తూము పాత లస్కరు రహీమున్నీసా రాస్తున్నది. పద్దెనిమిదేళ్లు అక్కడ పనిచేశాను. మీటరుని మూడు వేళ్లు పెంచింది నేనే. నా తర్వాత వచ్చినాయనకి చెప్పకుండా వెళ్లాను. నేర్పే ఉద్యోగం పోతుందని రెండు రోజులు దాచాను. మంగతాయారు గారూ, మీకున్న ధైర్యం నాకు లేకపోయింది. గుర్తు మూడు వేళ్లు తగ్గించండి."

వెంటనే అక్కడి లస్కరు రెండో తూము గుర్తు మార్చాడు.

ఏడూ ఇరవైకి నీరు నూట ఏడు. నా చెయ్యి అలవాటుగా కుడివైపు పైమూలకి వెళ్లబోయింది. వదిన పట్టుకుని ఆపింది. నూట ఎనిమిది. మూడో మెట్టు మునిగింది. తలుపు తనంతట తనే దిగింది, పళ్లు కరకరమంటూ, నేను రాసిన గ్రీజులో మెరుస్తూ. పలక మీద ఒకదాని వెంట ఒకటి పదకొండు తలుపులూ మూసుకున్నట్టు గీతలు పడ్డాయి.

తొమ్మిదిన్నరకి సముద్రం కట్టకి అవతల మనిషెత్తు నిలబడింది. ఇవతల కాలవ కదలకుండా ఉంది. మధ్యాహ్నం నేనూ వదినా కాలవలో చెయ్యి ముంచాం. ఆవిడ ముందు రుచి చూసింది. కళ్లు మూసుకుని రెండోసారి చూసింది.

"తియ్యగున్నాయే" అంది.

శ్రావణ శుద్ధ పంచమి

నాట్లు మొదలయ్యాయి. ఎర్రబడిన రెండు వరసలూ పోగా మిగిలిన నారు లంకకి సరిపోయింది. ఆ రెండు వరసల మేర నేల ఖాళీగా వదిలేసింది వదిన. నేను చూసినప్పుడల్లా చూడాలనే వదిలిందేమో. అడగలేదు.

అర్జీ మీద సంతకాలు చేసిన ఇళ్లన్నీ మళ్లీ తిరిగాను. జరిగింది చెప్పాను. కొందరు తిట్టారు, కొందరు మజ్జిగ ఇచ్చారు. ఒకాయన తిడుతూనే మజ్జిగ ఇచ్చాడు.

సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. మీటరు ముట్టుకోవడం నేరమే అన్నారు. తొమ్మిది మంది లస్కర్లనీ ఒకేసారి తీసేస్తే పోటుని ఎవరు ఆపుతారన్న ప్రశ్న వచ్చింది కాబట్టి ఈసారికి మందలించి వదిలేశారు. ఇకనుంచి ప్రతి లంక నేలా విడిగా కొలుస్తారట. నాకు ఒక షరతు పెట్టారు. ఇన్నేళ్లలో నేను పుస్తకంలో రాయకుండా చేసిన ప్రతి పనీ, కారణంతో సహా, తేటకి చెప్పాలి.

రహీమున్నీసా గారు వచ్చి ఎదురుగా కూచున్నారు. ఇద్దరం మొదట ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. తర్వాత ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

"ఎన్నుంటాయంటారు, మీవి?" అన్నారు.

"ఓ పదుంటాయేమోనండి."

ఇవాళ్టికి నలభై ఒకటయ్యాయి. ఈదురుగాలి రోజున తలుపు సగమే ఎందుకు ఎత్తుతానో, తొలకరి నీళ్లని మొదటి ఆటుకి ఎందుకు వదలనో, పీతలు తలుపు గాడిలో చేరే నెల ఏదో. ఒక్కోదానికీ తేట ఎందుకని అడుగుతుంది. నేను చెబుతాను. గట్టు నన్ను ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి ఒక్క ప్రశ్న అడగలేదు. దాన్నే నేను మంచితనం అనుకున్నాను.

శ్రావణ శుద్ధ ఏకాదశి, నలభయ్యో రోజు

పొద్దున్నే తేట అడిగింది: "నీటి రుచి ఎలా ఉంది?" ఇది అమావాస్య తర్వాత అది నేర్చుకున్న కొత్త అలవాటు. దానికి నాలుక లేదు కాబట్టి నాది వాడుకుంటోంది. "తీపి" అని రాశాను.

తర్వాత గట్టు ముందు నిలబడ్డాను. దాని పలక అంచు నా బొటనవేలు ఆనీ ఆనీ అరిగిపోయింది. ఎర్ర బొత్తం మీద రంగు ఎప్పుడో పోయింది. కాసేపు చెయ్యి దాని మీదే పెట్టుకున్నాను. దాని మీద ప్రేమ పోలేదు, పోతుందని కూడా అనుకోను. వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"గట్టుని ఆపెయ్యి" అని తేటకి చెప్పాను.

గడి తెరుచుకుంది. ఎందుకు?

ఊరికే అని రాసి ఊరుకోవచ్చు. దీనికి ఒప్పుకుంటుంది కూడా. నేను నింపాదిగా, అక్షరం అక్షరం దిద్దుతూ రాశాను.

"ఇరవై ఏడేళ్లు నా అబద్ధాన్ని నోరెత్తకుండా మోసింది. ఇక దించుకోమని."

గట్టు పలక నల్లబడింది. తేట ఇంకేమీ అడగలేదు.